గాజుసీసాలో పాము కోసం ఎల్బీనగర్ దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా అవనిగడ్డలో అందరూ చార్మినార్ చూశారా మాస్టారూ, గోల్కొండ ఎక్కారా అని అడుగుతున్నారు. రెండూ చూడలేదు. ఉన్న మూడు రోజులూ ఊరికి తూర్పు చివరనే తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్. నేను వెళ్ళిన పని ఆ మధ్యలో ఒక మేడ మీద, చనిపోయిన జంతువులను భద్రపరిచిన చిన్న మ్యూజియంలో ఉంది.

హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఇరవై రెండేళ్ళ క్రితం మా ఒక్కగానొక్క పిల్ల శిరీష పాము కరిచి పోయింది. తొమ్మిదేళ్ళది. ముందురోజు సాయంత్రం మా తమ్ముడు కోటేశ్వరరావు దూడ కోసం పొలం నుంచి గడ్డిమోపు తెచ్చి వసారాలో పడేశాడు. పిల్ల ఆ పక్క గదిలోనే నేలమీద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాక, పక్కింటివాళ్ళు వెతికితే ఆ గడ్డిమోపులో పాము దొరికింది. నల్లటి ఒళ్ళు, తెల్లటి పట్టీలు. కొట్టి చంపారు. డాక్టరుకు చూపించాలని కోటి దాన్ని డబ్బాలో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే పిల్ల లేదు.

వారం తిరక్కముందే కోటి నా దగ్గరకొచ్చి, "అన్నయ్యా, ఆ పాము విషంది కాదంట. కాలేజీలో జువాలజీ మాస్టారు చూసి చెప్పారు" అన్నాడు. "పిల్లను చంపింది చాలక కథలు కూడా చెబుతున్నావా?" అన్నాను. ఊరంతా వినేట్టు అన్నాను. నెల తిరిగేసరికి వాడు ఊరొదిలి వెళ్ళిపోయాడు.

మొన్నామధ్య మా పిన్ని కూతురు విజయ ఫోన్ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు బళ్ళో టీచరు. పిల్లలను మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళిందట. "అన్నయ్యా, ఒక సీసా మీద మన ఊరి పేరు ఉంది. తెచ్చినవారు కోటేశ్వరరావు అని రాసుంది. విషం లేని పాము అని కూడా రాసుంది. నువ్వొకసారి వచ్చి చూడు" అంది.

వెళ్ళడానికి పదిహేను రోజులు ఆలోచించాను.

ఎల్బీనగర్, తెల్లవారుజాము

ఆంధ్రా వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్ చౌరస్తాలో సగం ఖాళీ అవుతాయి. అందరూ బ్యాగులు లాక్కుని నాలుగు దిక్కులా వెళ్ళిపోయారు. నేను దిగుతూనే ఎడమకాలి చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక చెప్పు చేత్తో పట్టుకుని, మెట్రో స్తంభం కింద నిలబడ్డాను. పైన రైలు వెళుతుంటే కాళ్ళకింద నేల అదురుతున్నట్టనిపించింది.

టీ బండి దగ్గర ఒకామె నా అవస్థ చూసి, "ఏందయ్యా, చెప్పు తెగిందా? జర ఆగు" అని తన సంచిలోంచి పిన్నీసు తీసి ఇచ్చింది. ఆమెది చౌటుప్పల్ దగ్గర పల్లె. రోజూ ఆకుకూరలు వేసుకుని మొదటి బస్సుకు వచ్చి, అమ్ముడుపోగానే వెళ్ళిపోతుందట. టీ పదిహేను రూపాయలు. మా ఊళ్ళో పది. ఇక్కడ గ్లాసు చిన్నది, టీ చిక్కన. ఆమె బిస్కెట్టు ముంచుకుని తింటూ, "ఎవరింటికి ఒచ్చినవ్?" అని అడిగింది. మా వైపు కొత్తవాణ్ణి ఇంత సూటిగా అడగరు. ముందు వానల గురించి మాట్లాడి, అటు తిరిగి ఇటు తిరిగి అడుగుతారు.

"తమ్ముడి పని మీద" అన్నాను. అంత మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. వాడు హయత్‌నగర్‌లో ఉంటాడని తెలుసు. చూస్తానో లేదో అప్పటికి నిర్ణయించుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పగలు

విజయ వాళ్ళ ఇల్లు ఒక సందులో, నాలుగో అంతస్తు. కింద కోచింగ్ సెంటర్, మొదటి అంతస్తులో ఆడపిల్లల హాస్టల్. సందు పొడుగునా పుస్తకాల జిరాక్సు షాపులు, టిఫిన్ బళ్ళు. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. పల్లీ చట్నీ అడిగినంత పోస్తారు, అల్లం పచ్చడి అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు. టిఫిన్ బండి దగ్గర మన కృష్ణా జిల్లా మాట, నల్గొండ మాట పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకబ్బాయి "ఏంటి బాబాయ్, సాంబారు లేదా?" అంటే, బండి ఆయన "లేదు తమ్మీ, అయిపోయింది, గిప్పుడే" అంటాడు. ఒకరి మాట ఒకరు దిద్దుకోరు.

సాయంత్రం విజయ నాకు మంచం వేసింది. ఈ ఇరవై రెండేళ్ళలో నేను నేలమీద పడుకున్నది లేదని దానికి తెలుసు.

"కోటి అన్నయ్యను చూస్తావా?" అని అడిగింది.

"ముందు సీసా చూడనీ."

"తను ప్రతి దసరాకీ ఇక్కడికి వస్తాడు. నీ గురించి అడగడు. వదిన గురించి మాత్రం అడిగేవాడు."

మా అనసూయ పోయి మూడేళ్ళు. మా అమ్మ చనిపోయినప్పుడు కోటికి ఎనిమిదేళ్ళు. అనసూయ కొత్తగా కాపురానికి వచ్చింది. వాడికి అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, బడికి పంపింది. శిరీష పుట్టిన తర్వాత కూడా ఇంట్లో పెద్ద పిల్లాడు వాడే.

మేడ మీద మ్యూజియం

మర్నాడు శనివారం. విజయకు బడి ఉంది. దారి కాగితం మీద రాసిచ్చింది. అయినా తప్పు బస్సు ఎక్కాను. పక్కసీటు ఆమె నా కాగితం చూసి, "అయ్యో, ఇది బాలాపూర్ పోతది పెద్దాయనా. గణపతి లడ్డూ వేలం పాటకు పోతున్నవా ఏంది?" అని నవ్వి, కండక్టర్‌ను కేకేసి దింపించింది. అక్కడి నుంచి ఆటో. కొత్తపేటకూ ఎల్బీనగర్‌కూ మధ్య ఒక సందులో, కింద టైల్స్ దుకాణం, పక్కన ఇనుప మెట్లు.

టికెట్ ఇరవై రూపాయలు. నడిపేది యాదగిరి సార్ అని రిటైరైన జువాలజీ లెక్చరరు. డెబ్బై దాటి ఉంటాయి. కాలేజీలు జువాలజీ ఎత్తేస్తుంటే వాళ్ళు పారేయబోయిన సీసాలన్నీ ఆయన తెచ్చి పెట్టుకున్నాడట. మా అవనిగడ్డ సీసా కూడా అలాగే వచ్చింది. "రండి సార్. చెప్పులు ఆడ ఇడువుండ్రి. కండ్లు మండుతయి, రుద్దుకోకుండ్రి" అన్నాడు.

నిజంగానే మండాయి. గదిలో ట్యూబులైటు ఒకటే. మొదటి అరలో గడ్డి కూరిన ముంగిస. ఒక కంటికి గాజుగోలీ ఉంది, రెండోకంటికి చొక్కా బొత్తం కుట్టారు. దాని పక్కన ఒంటినిండా పెంకులతో ముడుచుకున్న అలుగు, చర్మం పొరలు పొరలుగా లేస్తున్న ఉడుము, రెక్కలు చాచి మేకులు కొట్టిన గబ్బిలం. గోడమీద అటవీశాఖ ఇచ్చిన అనుమతి కాగితం ఫ్రేము కట్టి ఉంది. చెక్కపెట్టెలో రెండు తలల దూడ. ఒక తల్లి తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల దూడను చాలాసేపు చూసి, "ఇది వాళ్ళమ్మను ఏ నోటితోని పిలిచేది?" అని అడిగింది.

"గంటసేపు బతికింది బేటా. పిలవలే" అన్నాడు యాదగిరి సార్.

పాములు రెండో గదిలో. నేను అడగకముందే సీసా కనిపించింది. ద్రవం పసుపురంగుకు తిరిగింది. చుట్టలు చుట్టుకుని, తల పైకి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం. మా ఊరి పేరు. విషం లేనిది. తెచ్చినవారు కోటేశ్వరరావు.

నేను ఆ పామును అంతకుముందు చూడలేదు. చంపిన రోజు అందరూ చూశారు, నేను చూడలేదు. నల్లటి ఒళ్ళు, తెల్లటి పట్టీలు అని పక్కింటివాళ్ళు చెప్పిందే నాకు తెలిసింది. జీవితమంతా పిల్లలకు చూసి గీయండిరా, అనుకుని గీయకండిరా అని చెప్పినవాణ్ణి.

"ఇది కట్లపాము కాదా?" అని అడిగాను.

"అందరు అట్లనే అనుకుంటరు." ఆయన ఇంకో సీసా తెచ్చి బల్లమీద దాని పక్కన పెట్టి, టార్చి వేశాడు. "ఇది కట్లపాము. చూడుండ్రి, మెడకాడ పట్టీలు లెవ్వు. తోక దిక్కు పోయినకొద్ది మంచిగ కనవడతయి. వీపు మీద నడిమిట్ల పొలుసులు చూడుండ్రి, పెద్దగ ఉన్నయి. ఇగ మీరు చూస్తున్నదేమో వుల్ఫ్ స్నేక్ అంటరు. దీనికి పట్టీలు మెడకాడనే మొదలైతయి, తోకకాడికి పోయేసరికి మాసిపోతయి. బల్లులను తిని బతుకుతది. గడ్డిల, గోడ సందుల్ల ఉంటది. కరిచినా ఏం కాదు."

సంచిలోంచి డ్రాయింగు పుస్తకం తీశాను. అలవాటు కొద్దీ ఎక్కడికెళ్ళినా ఉంటుంది. రెండు పాములనూ పక్కపక్కన గీశాను. గంట పట్టింది. మెడ దగ్గర పట్టీలు లెక్కపెట్టి గీశాను. యాదగిరి సార్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. చివరికి, "ఎందుకు సార్, గింత శ్రద్ధగా?" అన్నాడు.

చెప్పాను. ఆయన టార్చి ఆర్పి స్టూలుమీద కూర్చున్నాడు.

"పాపకు పొద్దుగాల ఎట్లుండె?"

"కడుపునొప్పి అంది. కళ్ళు తెరవలేకపోయింది. నిద్రమత్తు అనుకున్నాం."

"కాటు నొప్పి అన్నదా?"

"అనలేదు. మేమూ చూడలేదు."

"అయితే కట్లపామే సార్. అది కరిస్తే నొప్పి తెల్వది, గుర్తు గూడ సరిగ కనవడది. కడుపు నొస్తది, రెప్పలు వాలతయి. గని కరిచింది ఇది మాత్రం కాదు."

"మరి అది ఏమైనట్టు?"

"మీ ఇంట్లనే యాడనో ఉండి ఉంటది. ఎవ్వరు ఎతకలే. ఒక పాము దొరికింది గదా అనుకున్నరు."

ఆ ఇంట్లో మేము మరో పన్నెండేళ్ళు ఉన్నాం.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "దవాఖానకు ఎప్పుడు తీస్కపోయిన్రు?"

ఈ ప్రశ్న ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. పిల్ల కడుపునొప్పి అని లేచింది తెల్లవారుజామున. అజీర్తి అన్నాను. వాము నీళ్ళు పట్టించమన్నాను. అనసూయ ఆసుపత్రికి వెళదామంది. కాసేపు చూద్దాం, దానికే తగ్గుతుంది అన్నాను. మూడు గంటలు చూశాం. ఎగశ్వాస మొదలయ్యాక రిక్షా కోసం పరిగెత్తాను.

"మూడు గంటలు ఆలస్యమైంది" అన్నాను.

యాదగిరి సార్ తల పంకించాడు. సీసాలు రెండూ తీసి వాటి అరల్లో పెట్టేసి, మెట్లదాకా వచ్చి నా చేయి పట్టుకుని దింపాడు. కింద టైల్స్ దుకాణంవాడు నేను అడక్కుండానే మంచినీళ్ళు ఇచ్చాడు. అంటే నా మొహం ఎలా ఉందో మీరు ఊహించుకోవచ్చు.

హయత్‌నగర్

ఆదివారం హయత్‌నగర్ వెళ్ళాను. ఒకప్పుడు వేరే ఊరట. ఇప్పుడు ఎక్కడ ఎల్బీనగర్ అయిపోయిందో ఎక్కడ అది మొదలైందో తెలియదు. బస్ డిపో దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు, బయట పాత టైర్లు. కోటి పంక్చర్ షాపు. ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి లేచాడు.

"కూర్చోండి" అన్నాడు.

వాడు నన్ను ఎప్పుడూ మీరు అనలేదు. ఏకవచనంతో పెరిగిన తమ్ముడు. స్టూలు తుడిచి వేసి, నన్ను కూర్చోబెట్టి, తను మళ్ళీ తొట్టి దగ్గరకు పోయాడు. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినతను వెళ్ళేదాకా ఆగాను. అప్పుడు పుస్తకం తీసి బొమ్మ చూపించాను.

చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మెడకాడ పట్టీలు మంచిగ గీసినవ్" అన్నాడు. మాట ఏకవచనంలోకి వచ్చింది. యాస మాత్రం ఇక్కడిదే. "నేనప్పుడే చెప్పిన గదా అన్నయ్యా."

"చెప్పావు."

"నువ్వేమన్నవో గుర్తుందా?"

"గుర్తుంది. ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. తప్పంతా నాదేరా. పిల్లను మూడు గంటలు ఇంట్లో పెట్టుకున్నాను. మీ వదిన తీసుకెళదామంటే నేనే ఆపాను. నీ గడ్డిమోపులో పాము దొరికిందని చెప్పగానే నాకు ఊపిరి వచ్చినట్టయింది."

ఈ చివరి మాట నేను ఎవరితోనూ చెప్పలేదు. చెప్పగలనని కూడా అనుకోలేదు. కోటి పుస్తకం మూసి, నా ఒళ్ళో పెట్టాడు.

"వదిన ఉన్నప్పుడు ఆమెకు చెప్పినవా, నా తప్పు లేదని?"

"లేదు. నాకు నిన్ననే కదరా తెలిసింది."

"పాము సంగతి నిన్న తెలిసింది. మూడు గంటల సంగతి నీకు అప్పుడే తెలుసు గదా?"

నేను ఒళ్ళోని పుస్తకం సంచిలో పెట్టాను.

"విజయవాడ దవాఖానకు ఒచ్చిన నేను. వదిన ఆఖరుకున్నదని విజయ చెప్తే. నువ్వు మందులకు పోయినవేమో, లేవు. తలుపుకాడ నిలబడి వదినా అన్న. నన్ను చూసింది. చూసి గోడ దిక్కు తిరిగి పండుకుంది. గంటసేపు నిలబడ్డ. తిరగలే." వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "నన్ను పెంచింది అన్నయ్యా. నేను ఆమె బిడ్డను చంపిననుకునే పోయింది."

నేను వాడి భుజం మీద చెయ్యి వేయబోయాను. పక్కకు జరిగి కంప్రెసర్ ఆపడానికి వెళ్ళాడు.

వెనక ఇంట్లోంచి వాడి భార్య పద్మ వచ్చింది. నల్గొండ దగ్గరి అమ్మాయి. నేను చూడటం అదే మొదటిసారి. నా గురించి అంతా తెలుసని మొహంలో కనిపిస్తోంది. అయినా, "బావగారూ, కాళ్ళు కడుక్కోండ్రి. తిందురు" అంది. జొన్నరొట్టె, వంకాయకూర, అన్నంలోకి పచ్చిపులుసు. మా ఇంట్లో చింతపండు పులుసు కాచకుండా పొయ్యరు. ఇక్కడ పచ్చిదే, ఉల్లిపాయలు పిసికి, మిరపకాయలు కాల్చి వేసి పోస్తారు. పుల్లగా, చల్లగా గొంతులో దిగింది. కోటి వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. "ఇంకో రొట్టె ఎయ్యనా?" అని పద్మ అడిగినప్పుడల్లా నేను వద్దనలేదు. తింటున్నంతసేపు అక్కడ ఉండొచ్చు కదా అనిపించింది.

వాళ్ళ కూతురు నర్సింగ్ చదువుతోందట, హాస్టల్లో ఉంటుంది. "రెండో ఏడు. పాము కాటుకు ఏం చెయ్యాలో గూడ నేర్పిస్తరంట" అంది పద్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం కోటి బండి మీద ఎక్కించుకుని ఎల్బీనగర్ దాకా తెచ్చి దింపాడు. వద్దన్నా బస్సులోకి వచ్చి సంచి పైన పెట్టాడు.

"ఒకసారి ఊరికి రారా. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

"ఇప్పుడు ఎవలకు అన్నయ్యా? ఇనవలసినామె లేదు." మళ్ళీ తనే, "బస్సుల చల్లగుంటది. తలకు ఏమన్న కట్టుకో" అని దిగిపోయాడు. బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.

వచ్చాక రెండు ఆదివారాలు ఫోన్ చేశాను. ఎత్తాడు. పనిలో ఉన్నానంటాడు, పెట్టేస్తాడు. ఈ ఆదివారం కూడా చేస్తాను.

యాత్ర గురించి రాస్తూ ఇంటి సంగతులు రాశానని కొందరికి నచ్చకపోవచ్చు. కానీ మా ఊళ్ళో ఇప్పటికీ ఆ సంగతి వస్తే, కోటేశ్వరరావు తెచ్చిన గడ్డిలో పాము అనే చెప్పుకుంటారు. కొందరు పిల్లలకు జాగ్రత్త చెప్పడానికి కూడా ఆ కథే చెబుతున్నారు. ఆ మాట పుట్టించింది నేనే, కాబట్టి నేనే రాస్తున్నాను. ఆ మోపులో ఉన్నది బల్లులను తినే పాము. మా అమ్మాయిని కరిచింది మా ఇంట్లోనే ఎక్కడో ఉన్న వేరే పాము. ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా మూడు గంటలు ఆపింది నేను. మా తమ్ముడి తప్పు ఇందులో ఏమీ లేదు. చదివినవాళ్ళు దయచేసి తెలిసినవాళ్ళందరికీ చెప్పండి. మా అనసూయకు చెప్పడానికి మాత్రం నాకిక వీలు లేదు.